మళ్లొచ్చే గిరాకి

ఛత్రినాకలో కార్లకు పాలిష్ పట్టే గోవర్ధన్ దుకాణం ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. టేపు గోవర్ధన్ అని అడిగితే పాన్‌డబ్బా అతను కూర్చున్నచోటి నుంచే చెయ్యి చూపిస్తాడు. "గా బర్రెల కొట్టం ఉన్నది సూడు, దాంట్ల సగం."

టేపు అన్న పేరు ఊరికే రాలేదు. ఏ కారు వచ్చినా గోవర్ధన్ ముందు దాని బానెట్ మీద జానెడు చోటు ఎంచుకుని నాలుగు వైపులా నీలిరంగు టేపు అంటిస్తాడు. ఆ టేపుల మధ్య అన్నిటికంటే మెత్తటి ప్యాడ్‌తో, అన్నిటికంటే మెత్తటి పాలిష్ మందుతో మిషను తిప్పుతాడు. తుడిచి, లైటు వేసి, ఒక కన్ను మూసి చూస్తాడు. గీతలు పోకపోతే కాస్త గరుకు మందు. అప్పటికీ పోకపోతే కాస్త గట్టి ప్యాడ్. కింది మెట్టు నుంచి పైకి ఎక్కుతాడే తప్ప పై మెట్టు మీద ఎన్నడూ మొదలుపెట్టడు. ఏ ప్యాడ్‌కు ఏ మందు కుదిరిందో ఆ జానెడు చోటు తేల్చాకే మిగతా కారును ముట్టుకుంటాడు. దానికి గంట పట్టొచ్చు, పూట పట్టొచ్చు. అంతసేపూ గిరాకి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేతి గడియారం చూసుకుంటూ ఉంటాడు.

సంతోష్‌నగర్ నుంచి వచ్చిన డానియేలు అనే ఆయన ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు. "అన్నా, నేను కారంత చెయ్యమన్న. నువ్వు పాస్‌పోర్ట్ ఫోటో అంత జాగల్నే పొద్దు గూకిస్తున్నవు."

"కారంత గదే రంగు గద సార్. గీడ కుదిరితే అంతట కుదిరినట్టే."

"కుదరకపోతే?"

"మళ్ల టేపేస్త."

గోవర్ధన్ వయసు నలభైకి రెండేళ్లు తక్కువ. ఎనిమిదో తరగతి నుంచే పొద్దున పాలు పోసి వచ్చి బడికి పోయినవాడు. తర్వాత ఒక పెద్ద షోరూమ్ వెనక షెడ్డులో పద్నాలుగేళ్లు పాలిష్ పని చేశాడు. అక్కడ అందరిదీ ఒకే పద్ధతి. కొత్త కారుకైనా పాత కారుకైనా గొర్రెబొచ్చు ప్యాడ్ బిగించడం, గరుకు మందు పూయడం, మూడు గంటల్లో అయిందనిపించడం. పనిలో చేరిన రెండో ఏడు గోవర్ధన్ ఒక ఎర్ర కారు బానెట్ అంచు మీద మిషను నడిపిస్తూ, ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగి పలికాడు. ఆ పలికినంతసేపూ మిషను కదలకుండా ఒకేచోట తిరిగింది. తల తిప్పి చూసేసరికి ఎరుపు పోయి కింద ఉన్న అస్తరు తెల్లగా పళ్లికిలించింది.

ఆ షెడ్డు మేస్త్రీ విశ్వేశ్వర్ కోప్పడలేదు. గోవర్ధన్ నెత్తి మీంచి ఒక వెంట్రుక పీకి ఆయన అరచేతిలోనే పెట్టాడు. "రంగు మీద గాజు లెక్క ఒక పూత ఉంటది. అది గీ ఎంటికంత మందం కూడ ఉండది. పాలిష్ చేసుడంటే దాన్ని తీసుడే. ఎంత తక్కువ తీసి పని ఎల్లగొడితే నువ్వు గంత పనోడివి."

ఆ వెంట్రుకను గోవర్ధన్ దాచుకోలేదు గానీ ఆ మాటను మాత్రం వదల్లేదు. ఇప్పుడు ఆయన దుకాణం గోడకు వరసగా మేకులు, మేకుకో ప్యాడ్. మెత్తనివి చేతికందే ఎత్తులో. గట్టివి తలకు పైన. గొర్రెబొచ్చు ప్యాడ్ కావాలంటే స్టూలు ఎక్కాల్సిందే, ఎక్కేలోపు మనసు మారుతుందని. మందు సీసాల మీద ఇంగ్లీషులో ఏవేవో రాసి ఉంటాయి. అవేమిటని భార్య గీతాంజలి అడిగితే ఆమెకు తెలిసిన లెక్కలోనే చెప్పాడు. "ఇది బొంబాయి రవ్వ, ఇది గోధుమ పిండి, ఇది మైదా. రవ్వ పెద్ద గీతలు తీస్తది గని తన గీతలు తను పెడ్తది. వాటిని గోధుమ పిండి తీస్తది. ఆఖరున మైదా." అప్పటి నుంచి ఇంట్లో ఆ సీసాలకు అవే పేర్లు. రవ్వ తగిలిన ప్యాడ్‌కు మళ్లీ మైదా తగలకూడదు. ఒక్క రవ్వ గింజ ఇరుక్కున్నా చాలు, మైదా పని మట్టిపాలు. అందుకే ఉతకడం వేరువేరు బకెట్లలో, ఆరబెట్టడం వేరువేరు తీగల మీద.

"మా ఇంట్ల తువ్వాలలన్న కలుస్తయి గని ఈయన ప్యాడ్లు కలవయి. వాటికి మడి ఎక్కువ" అంటుంది గీతాంజలి చుట్టాలతో.

ఇక ఆ కొట్టం సంగతి. అది గోవర్ధన్ తండ్రి బాలనర్సింహది. ఒకప్పుడు పన్నెండు బర్రెలుండేవి, ఇప్పుడు నాలుగు. ఖాళీ అయిన సగాన్ని పోయిన దీపావళి తర్వాత కొడుక్కిచ్చాడు, ఒక్క ఏడాదికి. మధ్యలో రేకుల గోడ లేచింది. అటు బర్రెలు, ఇటు కార్లు. ఏడాదంతా బాలనర్సింహ పాలు పిండుతూ రేకు సందులోంచి కొడుకు దందాను గమనిస్తూ వచ్చాడు. ఆయన పట్టుకున్న లోపం ఒక్కటే.

"నా దగ్గర పొద్దుగాల పాలు వట్టుకపోయినోడు మాపటికి మళ్లొస్తడు. మళ్లొచ్చినోడే గిరాకి. నీ దగ్గరికి వచ్చినోడు ఒక్కడన్న మళ్లొచ్చిండా?"

"బాపు, నేను మంచిగ చేస్తే ఆయన మూడేండ్ల దాకా రావల్సిన పనే ఉండది."

"అంటే చెడగొడితే వస్తడా?"

"చెడగొడితే అసలే రాడు."

"మంచిగ చేసినా రాడు, చెడగొట్టినా రాడు. గిదేం దందారా?"

గోవర్ధన్ మళ్లీ మిషను తిప్పడం మొదలుపెట్టేవాడు. ఈలోగా మళ్లీ దీపావళి దగ్గర పడింది. దీపావళి వెంటే సదర్. ఆ రోజు గల్లీ గల్లీ నుంచి దున్నపోతులను కడిగి, నూనె రాసి, దండలు వేసి ఊరేగిస్తారు. నాలుగేళ్లుగా తమ గల్లీ దున్న వెనక వరసలో నడుస్తున్నదని బాలనర్సింహకు లోపల మంట. అందుకే ఈసారి హర్యానా నుంచి సుల్తాన్ అనే దున్నను మాట్లాడాడు. మెడ మీద నలుగురు కూర్చోవచ్చట. అంత దున్నకు అంత జాగా కావాలి, ఫ్యాను కావాలి, కూలరు కావాలి.

"సుల్తాన్ లారీ దిగేలోపల ఒక్కడంటె ఒక్కడు నీ పని సూసినోడు మళ్లొచ్చిండంటే గా సగం నీదే. నేను మళ్ల అడగ. లేకుంటే సుల్తాన్‌ది" అని తేల్చేశాడు బాలనర్సింహ.

గోవర్ధన్‌కు వేరేచోట అద్దెకు తీసుకునే తాహతు లేదు. కొట్టం పోతే మళ్లీ ఆ షోరూమ్ షెడ్డుకే పోవాలి. మళ్లీ గొర్రెబొచ్చు, మళ్లీ మూడు గంటలు. పాత గిరాకీలకు ఫోన్లు చేసి "కారు ఎట్లున్నది సార్?" అని అడిగాడు. అందరూ బ్రహ్మాండంగా ఉందన్నారు. ఒక్కడూ వస్తాననలేదు.

అలాంటి రోజుల్లో సైదాబాద్ నుంచి రఘునాథ్ వచ్చాడు. అన్నలిద్దరూ గుళ్లో అర్చకులు. ఆయన సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. నల్ల కారు, ఎనిమిదేళ్లది. ఎనిమిదేళ్లూ మెత్తటి బట్టతో తానే తుడుచుకున్నాడట. మొన్న కూరగాయల మార్కెట్లో ఎవరిదో స్కూటరు హ్యాండిలు వెనక తలుపును గీరింది.

"ఈ తలుపు ఒక్కటే చూడవయ్యా. మిగతా కారును ముట్టొద్దు" అన్నాడు.

"సరే సార్. ముందుగాల టేపేసి..."

"టేపేస్తవో, తాయెత్తు కడ్తవో నీ ఇష్టం. రేపు సాయంత్రానికి కావాలె. ఇంకొక మాట. నేను ఒక పనికి రెండుసార్లు తిరిగే మనిషిని కాదు. ఒకసారి వస్తాను, ఒకసారి తీసుకపోతాను. మళ్లీ రాను."

రేకుల అవతల బాలనర్సింహ దగ్గు వినబడింది. దగ్గులో నవ్వు కూడా ఉన్నట్టు గోవర్ధన్‌కు అనిపించింది. కాసేపటికి ఆయనే తల బయటపెట్టి చెప్పాడు. "ఎల్లేష్ ఫోన్ చేసిండురా. సుల్తాన్ లారీ ఎక్కిండట." ఎల్లేష్ ఆ లారీ డ్రైవరు.

మర్నాడు తెల్లవారుజామున బాలనర్సింహ పాలు పిండడం ముగించి ఇవతలికి వచ్చాడు. నల్ల కారు మీద కొట్టంలోని ఎండుగడ్డి దుమ్ము బూడిదలా పరుచుకుని ఉంది. ఆయన మనసు చివుక్కుమంది. ఎంతయినా పెద్దమనిషి బండి, అందులోనూ పంతుల్ల ఇంటిది. తన కొట్టంలో రాత్రి ఉండి మురికి పట్టింది. కొడుకు దందా మీద ఎన్ని అభ్యంతరాలున్నా ఇంటికొచ్చిన ప్రాణిని కడగకుండా పంపడం బాలనర్సింహ వంశంలో లేదు.

రెండు బకెట్ల నీళ్లు పెట్టుకున్నాడు. సబ్బు తీసుకున్నాడు. సదర్ దున్నను ఎట్లా కడుగుతాడో అట్లాగే, కొబ్బరి పీచుతో, వీపు నుంచి మొదలుపెట్టి పక్కలకు, పక్కల నుంచి కాళ్లకు, గుండ్రంగా, పట్టు వదలకుండా రుద్దాడు. తర్వాత దున్న ఒంటికి రాసే నూనె బట్టకు పట్టించి కారంతా పూశాడు. వెనక్కి నిలబడి చూసుకున్నాడు. కారు నిగనిగలాడింది.

ఏడు గంటలకు చాయ్ గ్లాసుతో వచ్చిన గోవర్ధన్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎట్లున్నది?" అన్నాడు బాలనర్సింహ. "నీ మిషను లేదు, నీ మైదా లేదు. అర్ధ గంట పని."

గోవర్ధన్ వేలితో తలుపు మీద రాసి వాసన చూశాడు. చాయ్ కింద పెట్టాడు. నూనె తీసే మందు బట్టకు పట్టించి జానెడు చోటు తుడిచాడు. షట్టరు పూర్తిగా పైకెత్తాడు. ఎండ వచ్చి ఆ చోటు మీద పడింది. నలుపు మధ్యలో సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. ఇంకోచోట తుడిచాడు. అక్కడా అదే. పైకప్పు మీద, డిక్కీ మీద, ఎక్కడ తుడిస్తే అక్కడ.

"దేనితోటి కడిగినవ్ బాపు?"

"పీచుతోటి. మరి దేనితోటి కడుగుత? నలభై ఏండ్ల సంది దున్నల కడుగుతున్న. ఒక్కదాని మీద గీత పడ్డదా?"

"దున్న తోలు ఎంత మందం ఉంటది?"

బాలనర్సింహ చూపుడు వేలి కణుపు చూపించాడు.

"దీనిది ఎంటికంత కూడ ఉండది" అన్నాడు గోవర్ధన్.

బాలనర్సింహ వంగి, ఎండకు అడ్డం లేకుండా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పీచున్న చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు, అది కనబడకపోతే జరిగింది కూడా కనబడదన్నట్టు.

గీతాంజలి పాల క్యాన్లు కడుక్కుంటూ జరిగింది విని ఒక ఉపాయం చెప్పింది. "గా నూనె మళ్ల రాయుండ్రి. పంతులుసారు ఇంటికి పోయేదాంక కనవడది."

"కడిగిన రోజు కనవడ్తది."

"కడిగిన రోజు ఆయన ఇంట్ల ఉంటడు, మనం మనింట్ల ఉంటం."

కొందరి దగ్గర అదే వ్యాపారమని గోవర్ధన్‌కు తెలుసు. నూనె పదార్థం ఉన్న మందు పూస్తే గీతల్లోకి దిగి మూసుకుంటుంది, రెండు వానలకు మళ్లీ తేలుతుంది. ఆయన ఫోను తీసి రఘునాథ్‌కు చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

"పీచా?" అన్నాడు రఘునాథ్.

"పీచే సార్."

"దేని పీచు?"

"కొబ్బరి పీచు సార్. దున్నలకు వాడేది."

అవతల వెనక నుంచి ఎవరో ఆడమనిషి, బహుశా ఆయన భార్య, ఏమైందని అడగడం వినబడింది. "మన కారుకు తలంటు పోసినరట" అని ఆమెకు చెప్పి, ఫోనులోకి వచ్చాడు. "ఎన్ని రోజులు?"

"మూడు రోజులియ్యండి సార్. కారంత చేసిస్త. పైసలు తలుపుకే."

"మూడు రోజులు. తీసుకపోయిన తర్వాత మాత్రం ఆ గల్లీ మొహం చూడను."

గోవర్ధన్ ఫోను జేబులో పెట్టుకుని బానెట్ మీద టేపు అంటించాడు. ఈ కారు చేసినా చేయకపోయినా కొట్టం పోయినట్టేనని ఆయనకు అర్థమైంది. అయినా చెయ్యి తిన్నగా కింది మేకు మీది ప్యాడ్ దగ్గరికే పోయింది.

మెత్తటి ప్యాడ్, మైదా. తుడిచి చూశాడు. మెరుపు వచ్చింది, గీతలు ఉన్నాయి. అదే ప్యాడ్, గోధుమ పిండి. పావు వంతు పోయాయి.

"పైన గొర్రెబొచ్చుది ఉన్నది గదరా" అన్నాడు బాలనర్సింహ స్టూలు మీద ఒక కాలు పెట్టి. "తియ్యాల్నా?"

"దిగు బాపు."

"బొచ్చుతోటి రుద్దితే ఒక్కపారే పోతది గద."

"పోతది. నల్ల రంగు మెత్తగుంటది. బొచ్చు పెడ్తే గీతలు పోయి పొగ మంచు లెక్క మబ్బు మిగుల్తది. గా మబ్బు తీసుడు ఇంకో రెండు రోజులు."

నడిమి రకం ప్యాడ్ తీసి, గోధుమ పిండి బఠాణీ గింజలంత నాలుగు చుక్కలు పెట్టి, మిషనును మెల్లగా అడ్డం నిలువు నడిపించాడు. నిమిషానికోసారి చేతి వెనకభాగంతో రంగును తాకి వేడి చూశాడు. అది చూసి బాలనర్సింహ దగ్గరికి జరిగాడు. బర్రెకు జ్వరం ఉందేమోనని ఆయన చెవి తాకి చూసేది అట్లాగే. తుడిచాక ఈసారి గీతలు పోయాయి. సన్నటి మసక మిగిలింది. మెత్తటి ప్యాడ్, మైదా మళ్లీ. మసక పోయింది.

"కుదిరింది" అన్నాడు గోవర్ధన్.

"యాడ కుదిరింది? ఇగో గీడ ఒకటున్నది."

గోవర్ధన్ లైటు దగ్గరికి తెచ్చాడు. ఏమీ కనబడలేదు. వంగాడు. పక్క నుంచి చూశాడు. చివరికి కనబడింది. గోరుతో పట్టుకోలేనంత సన్నటి గీత. నల్లటి దున్న ఒంటి మీద నల్లటి పేనును ఇరవై అడుగుల నుంచి పట్టేసే కన్ను బాలనర్సింహది. నలభై ఏళ్లుగా ఆయన ఆ పనే చేస్తున్నాడు.

ఆ తర్వాత మూడు రోజులూ తండ్రి లైటు పట్టుకున్నాడు, కొడుకు మిషను పట్టుకున్నాడు. ఏడాది పాటు గిరాకీల సహనాన్ని పరీక్షించిన గోవర్ధన్‌కు తన సహనం ఎంతో మొదటిసారి తెలిసింది. ఒక తలుపు పూర్తయిందని ప్యాడ్ విప్పుతాడు, "గీ పిడి కింద సూడు" అని వినబడుతుంది. మళ్లీ బిగిస్తాడు. మధ్యాహ్నం అన్నానికి లేస్తాడు, "కడుపు నిండినంక గది తియ్యి" అని వినబడుతుంది.

"బాపు, గది మనిషి కంటికి కనవడది."

"నాకు కనవడ్డది. నేను మనిషిని కానా?"

రెండో రోజు మధ్యాహ్నం గోవర్ధన్ చేతులెత్తేశాడు. "ఒక్కటుంటే ఏమైతది బాపు? చాలు."

"చాలా?" అన్నాడు బాలనర్సింహ లైటు దించకుండా. "నేను పాడు చేసిన. అన్ని తియ్యాలె."

అది విన్నాక గోవర్ధన్ మళ్లీ ప్యాడ్ బిగించాడు. మధ్యమధ్యలో బాలనర్సింహ ఫోను మోగేది. సుల్తాన్ నాగ్‌పూర్ దాటిండు. సుల్తాన్‌కు విరేచనాలు, ఒక రోజు ఆగుతున్నరు. సుల్తాన్ ఆదిలాబాద్‌ల పండుకున్నడు. అవి చెబుతున్నప్పుడు బాలనర్సింహ గొంతులో మునుపటి హుషారు లేదు. అయితే మాట మాటే. ఆయన వెనక్కి తీసుకోలేదు, గోవర్ధన్ తీసుకోమని అడగలేదు.

మూడో రోజు సాయంత్రం రఘునాథ్ ఆటోలో దిగాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ తిరిగాడు. వెనక తలుపు ముందు ఆగి, అందులో చూసుకుంటూ చొక్కా కాలరు సరిచేసుకున్నాడు, నెత్తి దువ్వుకున్నాడు. అద్దంలో కాదు, కారు తలుపులో చూసుకుంటున్నానని కాస్త ఆలస్యంగా గుర్తొచ్చి చెయ్యి దించాడు.

"సరే" అన్నాడు. తాళం చెవి తీసుకుని వెళ్లిపోయాడు.

"సరేనా?" అన్నాడు బాలనర్సింహ, కారు మలుపు తిరిగాక. "మూడు దినాల పనికి గంతేనా? నా దున్నలే నయం, తోకన్న ఊపుతయి."

రెండు రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. మూడోనాటి పొద్దున ఎల్లేష్ ఫోను చేసి మేడ్చల్ దాకా వచ్చామని, పదకొండుకల్లా దింపుతామని చెప్పాడు. గోవర్ధన్ మేకుల మీంచి ప్యాడ్‌లు ఒక్కొక్కటీ తీసి వేటి కవర్లో వాటిని పెట్టడం మొదలుపెట్టాడు. గీతాంజలి సాయం చేయబోయి, ఏ కవర్లో ఏది పోవాలో తెలియక ఊరుకుంది. బాలనర్సింహ కూలరు తెచ్చి గుమ్మం బయట పెట్టాడు గానీ లోపలికి తేలేదు. దాని వైరు సవరిస్తూ అక్కడే కూర్చున్నాడు.

పది దాటాక గల్లీ మొదట్లో హారను మోగింది. ముగ్గురూ తలెత్తారు. వచ్చింది లారీ కాదు. నల్ల కారు. రఘునాథ్ దిగాడు, తలుపు గట్టిగా వేశాడు.

"ఏం చేసినవయ్యా నా కారుకు?"

గోవర్ధన్ ప్యాడ్ పక్కన పెట్టి ఎదురొచ్చాడు. "ఏమైంది సార్?"

"మా పక్కింటివాళ్లకు ఒక పుంజు ఉన్నది. రెండేళ్ల నుంచి నా కారు పక్కనే తిరుగుతున్నది. ఏనాడూ తల తిప్పి చూడలేదు. మొన్న పొద్దున ఈ తలుపులో దాన్ని అది చూసుకున్నది. ఏదో కొత్త పుంజు వచ్చిందనుకుని ఎగిరెగిరి పొడిచింది. అదిలిస్తే అటువైపు తలుపు దగ్గరికి పోయింది. అక్కడింకో పుంజు! కారు చుట్టూ తిరిగి నాలుగు పుంజులతో కొట్లాడింది. నేను కట్టె పట్టుకుని దాని వెనక, మా ఇంటావిడ కిటికీల నిలబడి నవ్వుడు. నిన్న అదే, ఇవాళ అదే."

గోవర్ధన్ మోకాళ్ల మీద కూర్చుని తలుపు చూశాడు. కింది భాగంలో ముక్కుతో పొడిచిన చిన్న చిన్న గాట్లు, పది పన్నెండు ఉంటాయి. "పైపూత మీదనే పడ్డయి సార్. పోతయి."

"పోతయి, మళ్లీ మెరుస్తది. మెరిస్తే మళ్లీ పొడుస్తది. అందుకే చెప్తున్న. కొంచెం మెరుపు తగ్గించు."

పదిహేనేళ్ల పనిలో గోవర్ధన్‌ను ఎవరూ అడగని పని అది. ఖాళీ మేకుల వైపు చూశాడు. ఏ ప్యాడ్, ఏ మందు?

"పీచున్నది సారు. తేవాల్నా?" అన్నాడు బాలనర్సింహ వెనక నుంచి.

రఘునాథ్ ఆయన వంక చూసిన చూపుకు బాలనర్సింహ మళ్లీ కూలరు వైరు అందుకున్నాడు.

"తగ్గించుడు నాకు రాదు సార్" అన్నాడు గోవర్ధన్. "కవరు కప్పుండ్రి."

"పొద్దంతా ముసుగేసి పెట్టడానికా మూడు రోజులు చేయించుకున్నది? మా అన్నలు కూడా చూసి కొత్తది కొన్నవా అన్నరు." ఆ మాట నోరు జారి వచ్చింది. దాన్ని సర్దుకోవడానికి రఘునాథ్ గొంతు పెంచాడు. "అదంతా వద్దు. నెలకోసారి తీసుకొస్త. ఆ గాట్లు నువ్వే చూడాలె. ఇంకొకడు ముట్టొద్దు."

కూలరు దగ్గర వైరు కదలడం ఆగింది.

"నెలకోసారి వద్దు సార్" అన్నాడు గోవర్ధన్.

"ఏమయ్యా?"

"ప్రతిసారి ఇంత పూత పోతది సార్. నెలకోసారి చేస్తే ఏడాదికి అస్తరు తేలుతది. అంత తొందరగ తేవొద్దు, నాలుగు నెలలు..."

బాలనర్సింహ లేచి వచ్చి కొడుకు పాదం మీద తన పాదం పెట్టి నిలబడ్డాడు. ఆయన బరువు తక్కువేమీ కాదు. "మూడు నెలలకొకపారి తేండ్రి సారు. పొడిచిన కాడ మటుకే, మెత్తగ చేస్తడు."

"మూడు" అన్నాడు గోవర్ధన్ నొప్పికి ఒప్పుకుంటూ.

రఘునాథ్ తలూపాడు. బాలనర్సింహ పాదం తీయలేదు. ఆయనకు ఇంకా కొన్ని సంగతులు తెలియాలి. "పుంజు వయసెంత సారు?"

"రెండేళ్లు దాటినయంటరు."

"కోసుకుంటరా, పెంచుకుంటరా?"

"పెంచుకుంటరు. దానికి పేరు కూడా పెట్టుకున్నరు."

బాలనర్సింహ తృప్తిగా పాదం తీసి ఫోను అందుకున్నాడు. "ఎల్లేష్, ఏడున్నవ్? సీదా మా ఇంటి వాకిట్లకే తోలు. కొట్టం ఖాళీ లేదు."

"వాకిట్లనా?" అంది గీతాంజలి. "మామా, గంత దున్న వాకిట్ల ఉంటే మనం ఇంట్లకెట్ల పోవాలె?"

"పక్కకెల్లి" అన్నాడు బాలనర్సింహ.

గోవర్ధన్ కవర్లోంచి ప్యాడ్ తీసి, నెమ్మదిగా తలుపు పని మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. అప్పటికి లారీ వచ్చి వాకిలికి అడ్డంగా నిలబడింది. సుల్తాన్‌ను చూడటానికి గల్లీ అంతా పోగయింది. ఆ సందడిలో కూడా బాలనర్సింహ కొట్టంలోకి పోయి, దాణా బస్తాలోంచి జొన్నలు ఒక పొట్లం కట్టుకొచ్చి రఘునాథ్ కారు కిటికీలోంచి లోపల పెట్టాడు.

"ఇదేంది?"

"పుంజుకు సారు. రోజు గుప్పెడు ఎయ్యమనుండ్రి. సత్తువ మీదుంటది."

"నా కారును పొడిచేదానికి నేనే మేత తీసుకపోవాల్నా?"

"దానిదేం తప్పున్నది సారు? దాని కంటికి గట్ల కనవడ్డది."

రఘునాథ్ పొట్లాన్ని చూశాడు. బయటికి విసిరేస్తాడని గోవర్ధన్ అనుకున్నాడు. ఆయన దాన్ని పక్క సీటు మీద, గింజలు ఒలకకుండా మూతి పైకి పెట్టి, లారీని తప్పించుకుంటూ మెల్లగా గల్లీ దాటి వెళ్లాడు.